రిక్కార్టన్ మంద, మెల్‌బోర్న్ మందు

రిక్కార్టన్‌లో ఇప్పుడు గొర్రె కావాలంటే మాంసం కొట్టుకే పోవాలి. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరం ఈ ఊరిని ఎప్పుడో తనలో కలిపేసుకుంది. రోడ్డు పొడుగునా బస్సులు, నూడుల్స్ అంగళ్లు, ఒక పెద్ద మాల్, చదువుకోను వచ్చిన పిల్లల అద్దె ఇళ్లు. మన కిరాణా కొట్లో ఫ్రీజరు పెట్టె తెరిస్తే మునక్కాడ ముక్కలు కూడా ఉంటాయి. అయితే ఈ క్యాంటర్‌బరీ మైదానంలో తెల్లవాళ్ల పశుపోషణ కాలూనింది ఇక్కడే. 1843లో స్కాట్లాండు నుంచి వచ్చిన విలియం డీన్స్, జాన్ డీన్స్ అనే అన్నదమ్ములు, మావోరీలు పుటారింగామోటు అని పిలిచే చిత్తడి అడవి పక్కన దిగారు. నేల మావోరీల దగ్గర కౌలుకు తీసుకున్నారు. ఆవులను, గొర్రెలను ఆస్ట్రేలియా నుంచి ఓడలో తెచ్చుకున్నారు. తాము పుట్టిన పల్లె పేరే దీనికీ పెట్టుకున్నారు. క్యాంటర్‌బరీకి వలసదారుల మొదటి నాలుగు ఓడలు వచ్చింది 1850 డిసెంబరులో. అప్పటికి వీళ్ల మంద ఇక్కడ ఏడేళ్లుగా మేస్తోంది.

మందను పెంచడమంటే ఆ రోజుల్లో ప్రాణాలతో బేరం. విలియం 1851 జులైలో గొర్రెలు కొనుక్కు రావడానికి ఆస్ట్రేలియా బయల్దేరాడు. ‘మరియా’ అనే ఆ ఓడ వెల్లింగ్టన్ దగ్గర బద్దలైంది, ఆయన మునిగిపోయాడు. జాన్ 1854లో జబ్బుచేసి పోయాడు. భార్య జేన్ ఈ దేశానికి వచ్చి రెండేళ్లు కూడా నిండలేదు, చంకలో పసిబిడ్డ. భూమినీ మందనూ ఆమే చూసుకుంది. 1856లో ఇల్లు లేపింది. అడవిని కొట్టనివ్వొద్దని మొగుడు చెప్పిపోయిన మాటనూ ఆమే నిలబెట్టింది. ఆ ఇల్లే ఇవాళ్టి రిక్కార్టన్ హౌస్. శనివారం పూట దాని ముందర రైతుల సంత జరుగుతుంది. వెనక మిగిలిన అడవి తునకను 1914లో ఆ కుటుంబం జనానికి రాసిచ్చింది. అందులో ఆరు వందల ఏళ్ల కహికటేయా చెట్లున్నాయి. ఈ ఊరి చరిత్ర చెప్పేవాళ్లంతా అన్నదమ్ములతోనే మొదలుపెడతారు, నేనూ అంతే చేశాను. కానీ నన్నడిగితే ఊరును నిలబెట్టిన మనిషి జేన్.

నేను పుట్టింది జనగామ వైపు ఒక కురుమల ఇంట్లో. తాత గొంగడి కప్పుకొని మంద వెంట పోయేవాడు. నేను రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదివి, హైదరాబాదులో కొన్నాళ్లు, తర్వాత ఇక్కడ చాన్నాళ్లు, పిండాల నుంచి తీసిన మూలకణాలను ప్లాస్టిక్ పళ్లేల్లో బతికించే పని చేశాను. తాతదీ నాదీ ఒకే వృత్తి అని ఇంట్లో అంటుంటాను. ఇద్దరమూ మందను పెంచాలి. తేడా ఏమిటంటే, నా మందలో ఒక్కటి కూడా ఎదగకూడదు.

ఆ షరతు సంగతి కొంచెం చెప్పాలి. ఎలుక పిండం నాలుగో రోజుకు సుమారు వంద కణాల బుడగ అవుతుంది, దాన్ని బ్లాస్టోసిస్ట్ అంటారు. బుడగ పైపొర మాయగా మారుతుంది. లోపల ఒక మూలకు అతుక్కుని ఉండే చిన్న గుంపులోంచే మొత్తం ఎలుక తయారవుతుంది: మెదడు, గుండె, తోక, మీసాలు, అన్నీ. కడుపులో ఆ కణాలకు ఈ అన్నీ కాగల స్థితి ఒకటి రెండు రోజుల ముచ్చటే. తర్వాత ఏదో ఒక దారి పట్టాల్సిందే, పట్టినవి వెనక్కి రావు. ఆ రెండు రోజుల స్థితిని ఏళ్ల తరబడి సాగదీయడం మా వృత్తి. కణం రెట్టింపు కావాలి, పుట్టిన రెండూ మళ్లీ మొదటిదానిలాగే ఉండాలి. ఇది జరగాలంటే ‘ఉన్నచోటే ఉండు’ అని ఎవరో చెబుతూ ఉండాలి. ఆ చెప్పేవే సంకేత అణువులు: ఒక కణం విడిచిపెట్టే చిన్న ప్రోటీన్లు, పక్క కణం పొరమీది గ్రాహకానికి తగిలి, లోపల జన్యువుల దాకా కబురు మోసుకుపోయేవి. అవేమిటో ఒక్కొక్కటిగా పట్టుకోవడమే ఈ వృత్తి చరిత్ర.

మొదలు మాత్రం పిండంతో కాదు, ఒక గడ్డతో. 1950ల తొలినాళ్లలో అమెరికాలోని బార్ హార్బర్‌లో, జాక్సన్ ప్రయోగశాలలో, లీరాయ్ స్టీవెన్స్ అనే ఆయన ఎలుకల మీద సిగరెట్ల ప్రభావం చూసే పనిలో ఉన్నారు. 129 అనే జాతి మగ ఎలుక వృషణంలో ఆయనకు ఒక గడ్డ కనబడింది. కోసి చూస్తే అందులో వెంట్రుకలు, ఎముక, కండ కలగాపులగంగా ఉన్నాయి. సిగరెట్ల పని పక్కకు పోయింది, ఆయన జీవితమంతా ఆ గడ్డల వెంటే నడిచింది. 1964లో క్లైన్‌స్మిత్, పియర్స్ అనే ఇద్దరు అలాంటి గడ్డలోంచి తీసిన ఒక్క కణం నుంచే అన్ని రకాల కణజాలాలూ వస్తాయని చూపించారు. 1970లలో ఆ కణాలను పెంచేవాళ్లకు ఒక కిటుకు దొరికింది. పళ్లెం అడుగున ముందు వేరే కణాలను పరిచి, అవి ఇక విభజన చెందకుండా మందు పెట్టి, వాటి మీద వీటిని చల్లితే చక్కగా పెరుగుతాయి. ఆ కింది కణాలను ఫీడర్లు అంటారు. అవి ఏం పెడుతున్నాయో ఎవరికీ తెలియదు. తీసేస్తే మాత్రం పైవి చెదిరిపోతాయి.

1981లో కేంబ్రిడ్జిలో మార్టిన్ ఎవాన్స్, మాథ్యూ కాఫ్‌మన్ కలిసి గడ్డ అవసరమే లేకుండా, నేరుగా ఎలుక పిండం నుంచి ఇలాంటి కణాలను తీశారు. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో గెయిల్ మార్టిన్ ఒంటిచేత్తో అదే సాధించి, వాటికి పిండ మూలకణాలు అని పేరు పెట్టారు. ఎవాన్స్‌కు 2007లో నోబెల్ వచ్చింది. మార్టిన్‌కు రాలేదు, అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. సరే, ఇక్కడ గమనించాల్సింది వేరే ఉంది. కేంబ్రిడ్జి వాళ్లు వాడినవి మామూలు పిండాలు కావు. తల్లి ఎలుక అండాశయాలు తీసేసి, ఒక హార్మోను ఇచ్చి, పిండాలు గర్భసంచికి అంటుకోకుండా కొన్నాళ్లు ఆగిపోయేలా చేసి, అప్పుడు తీసినవి. ఎదుగుదలను ఆపుకోగల పిండంలోంచి ఎదగని కణాలు వచ్చాయి. ఆ సంబంధం ఎంత లోతైనదో తేలడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఈ పని చేసేవాళ్ల రోజు ఎలా ఉంటుందో కూడా చెబుతాను. పొద్దున వెళ్లగానే ఇంక్యుబేటరు తలుపు తీసి, ముందు మీడియా రంగు చూస్తాం. ఎరుపు గులాబీ కలిసిన రంగులో ఉంటే కణాలు కులాసాగా ఉన్నట్టు. నారింజకు తిరిగితే ఆకలి, పసుపైతే అప్పటికే ఆలస్యం. తర్వాత పళ్లెం సూక్ష్మదర్శిని కింద. మంచి గుంపు బొడిపెలా ఉబ్బి, అంచు వెలుగుతూ ఉంటుంది. అందులో కణానికీ కణానికీ మధ్య గీత కనబడదు. అంచున ఒకటి రెండు కణాలు చదునుగా పరుచుకుని కాళ్లు చాపాయంటే ఆ గుంపు చేజారుతోందని అర్థం. రోజూ మీడియా మార్చాలి, రెండు రోజులకొకసారి ట్రిప్సిన్‌తో విడదీసి కొత్త పళ్లేల్లోకి పంచాలి. ఆదివారమని, సంక్రాంతని వాటికి తెలియదు. పండగ పూట పట్టుచీర మీద తెల్లకోటు వేసుకుని పోయిన ఆడవాళ్లం ఈ వృత్తిలో చాలామందిమి ఉన్నాం.

ఫీడర్లు ఏం పెడుతున్నాయన్న ప్రశ్నకు జవాబు మాకు సముద్రం అవతలి ఒడ్డున దొరికింది. మెల్‌బోర్న్‌లోని వాల్టర్ అండ్ ఎలైజా హాల్ సంస్థలో డొనాల్డ్ మెట్‌కాఫ్ బృందం అప్పుడు రక్త క్యాన్సరు మీద పనిచేస్తోంది. పిచ్చిగా విభజన చెందే ఎలుక లుకీమియా కణాలను ముదిరేలా చేసి ఆపగల ప్రోటీన్ ఒకటి ఉందని పట్టుకుని, శుద్ధి చేసి, 1987లో దాని జన్యువును వేరుచేశారు. లుకీమియాను ఆపేది కాబట్టి లుకీమియా ఇన్‌హిబిటరీ ఫ్యాక్టర్ అన్నారు, పొట్టిగా లిఫ్. అదే సమయంలో బ్రిటన్‌లో ఆస్టిన్ స్మిత్ ఒక రకం ఎలుక కాలేయ కణాలు పెరిగిన ద్రవంలో, ఫీడర్ల అవసరం లేకుండానే మూలకణాలను నిలిపి ఉంచే పదార్థం ఏదో ఉందని చూశారు. 1988 డిసెంబరులో ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వేసింది, ఒకటి మెల్‌బోర్న్‌ది, ఇంకోటి స్మిత్‌ది. రెండూ చెప్పింది ఒకటే: మూలకణాలను మూలకణాలుగా ఉంచేది లిఫ్.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆ అణువు ద్విపాత్రాభినయం. లుకీమియా కణానికి అదే లిఫ్ తగిలితే ‘ముదిరిపో’ అని వింటుంది. పిండ కణానికి తగిలితే ‘ముదరొద్దు’ అని వింటుంది. అణువులో ఏ తేడా లేదు. సంకేతం అర్థం పంపిన చోట ఉండదు, విన్న చోట ఉంటుంది. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే అన్నా ఫరవాలేదు. తర్వాతి కథ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

లిఫ్ అమ్మకానికి వచ్చాక వృత్తి స్వరూపమే మారింది. మిల్లీలీటరుకు వెయ్యి యూనిట్ల చొప్పున కలిపితే చాలు. జెలటిన్ పూసిన ఉత్త పళ్లెంలో కూడా కణాలు ఉబ్బి కూర్చునేవి. ఖరీదు మాత్రం మండిపోయేది. చిన్న సీసా అడుగంటితే, మూతకు అంటుకున్న చుక్కను కూడా సెంట్రిఫ్యూజులో తిప్పి దింపుకునేవాళ్లం.

ఇంతకీ లిఫ్ అసలు కడుపులో చేసే పనేమిటి? 1992లో కాలిన్ స్టీవర్ట్ బృందం లిఫ్ జన్యువు లేని ఎలుకలను తయారుచేసి చూసింది. ఆ ఆడ ఎలుకల కడుపులో పిండాలు బ్లాస్టోసిస్ట్ దాకా బాగానే వచ్చాయి కానీ గర్భసంచికి అంటుకోలేదు. వాటినే తీసి మామూలు ఎలుకలో పెడితే చక్కగా పెరిగాయి. అంటే లిఫ్ కావలసింది తల్లి గర్భసంచికి. మరి పిండానికి? 2001లో జెన్నీ నికల్స్, స్మిత్ బృందం దానికీ జవాబు చెప్పింది. లిఫ్ కబురు అందుకునే గ్రాహకంలో ఒక భాగం లేని పిండాలు కూడా ఈ తొలి దశను మామూలుగానే దాటుతాయి. కానీ తల్లి కడుపులో ఆగాల్సి వస్తే, ఆ ఆగిన కాలంలో లోపలి గుంపు చచ్చిపోతుంది. పాలిచ్చే తల్లి ఎలుక మళ్లీ కడుపుతో ఉంటే, కొత్త పిండాలు పాత పిల్లలు పాలు మానేదాకా ఆగి కూర్చుంటాయి. లిఫ్ కబురు ఆ ఆగుడు కోసం పుట్టింది. మేం పళ్లెంలో వాడుకుంటున్నది ఎలుక తన కరువు కాలానికి దాచుకున్న ఏర్పాటును.

ఇలా ఆగే జంతువులు క్యాంటర్‌బరీలోనే ఉన్నాయి. మాకు దక్షిణాన వైమటేలో 1874లో ఎవరో సరదాకు బెన్నెట్ వాలబీలను తెచ్చి వదిలారు. చిన్న కంగారూల్లాంటివి. ఇప్పుడవి రైతుల పాలిట పీడ, వేటగాళ్లను పెట్టి చంపిస్తున్నారు. సంచిలో పిల్ల పాలు తాగుతున్నంతసేపు కడుపులో ఇంకో పిండం చిన్న బుడగగానే ఆగి ఉంటుంది. ఐరోపాలో రో జింక పిండం నెలల తరబడి ఆగుతుందని జర్మన్ శాస్త్రవేత్త బిషాఫ్ పుస్తకం రాసింది 1854లో, ఇక్కడ జాన్ డీన్స్ పోయిన ఏడే. గొర్రె మాత్రం ఆగదు, దానికా తీరికే లేదు. రెండో వారంలో దాని పిండం గుండ్రటి బుడగ నుంచి దారంలా సాగి, పదిహేడో రోజుకు పది సెంటీమీటర్లు దాటుతుంది. ఆ సాగిన పొర ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ఇంకో సంకేతం పంపి, నేనున్నానని తల్లికి చెబుతుంది. ఆ కబురు అందకపోతే గొర్రె మళ్లీ ఎదకు వస్తుంది. అయితే 2012లో ఇటలీలో గ్రజీనా ప్టాక్ బృందం గొర్రె పిండాలను తీసి, ఆగుడు స్థితిలో ఉన్న ఎలుక కడుపులో పెట్టింది. అవి ఆగాయి! తిరిగి గొర్రె కడుపులో పెడితే కదిలి, మామూలు పిల్లలుగా పుట్టాయి. మా తాత వింటే ఎలుక కడుపులో గొర్రె ఏమిటే అని కొట్టేవాడు.

ఇక నెత్తురు సంగతి. లిఫ్ ఒక్కటే చాలదు, పది పదిహేను శాతం సీరం కూడా కలపాలి. సీరం అంటే కబేళాలో కోసిన చూలు ఆవుల కడుపులోని దూడల నెత్తురు నుంచి తీసిన నీరు. పిచ్చి ఆవు రోగం, గాలికుంటు లేని దేశం కాబట్టి న్యూజిలాండ్ సీరానికి ప్రపంచమంతటా గిరాకీ, ధర కూడా ఎక్కువే. హైదరాబాదులో పనిచేసేటప్పుడు సీసా మీద ఈ దేశం పేరు చదివాను. ఈ దేశానికి వస్తానని అప్పుడు అనుకోలేదు. సీరంతో ఇబ్బంది, ఒక బ్యాచిలా ఇంకోటి ఉండదు. ఒక బ్యాచిలో కణాలు మెరిసిపోతే ఇంకో బ్యాచిలో వారానికే చదునైపోయేవి. నాలుగైదు నమూనాలు తెప్పించి, పరీక్షించి, నచ్చిన బ్యాచిని ఏడాదికి సరిపడా కొని దాచుకోవడం ప్రతి ల్యాబులోనూ ఆనవాయితీ.

దూడ నెత్తురులో అంత అవసరమైనది ఏముందో 2003లో చి-లాంగ్ యింగ్, స్మిత్ చెప్పారు. బీఎంపీ. లిఫ్‌కు ఈ బీఎంపీ కుటుంబంలోని బీఎంపీ4 అనే సంకేత అణువును జోడిస్తే సీరం లేకుండానే ఎలుక మూలకణాలు నిలిచాయి. లిఫ్ ఒక్కటే ఉంటే కణాలు నరాల దారి పడతాయి, బీఎంపీ ఆ దారిని మూస్తుంది. రెండూ కలిసి మిగతా దారులనూ మూస్తాయి. బీఎంపీకి ఆ పేరు వచ్చింది ఎముకల నుంచి. సున్నం తీసేసిన ఎముక పొడిని కండలో పెడితే అక్కడ కొత్త ఎముక పుడుతుందని 1965లో మార్షల్ యూరిస్ట్ చూశారు. ఎముక పుట్టించే అణువు, ఎలుక మూలకణానికి చేరేసరికి ‘ఏమీ పుట్టించకు’ అనే మాటైంది.

అదే కుటుంబం గొర్రెల్లో మూడో వేషం వేస్తుంది, ఆ కథ పూర్తిగా ఈ దేశానిదే. 1882లో ‘డనీడిన్’ అనే ఓడ గడ్డకట్టిన మాంసంతో ఇంగ్లండుకు బయల్దేరినప్పటి నుంచి ఇక్కడి రైతుకు ఉన్నికంటే గొర్రెపిల్ల ముఖ్యమైంది. ఈతకు రెండు వేసే గొర్రె అంటే డబ్బు. ఏ281 అనే నంబరున్న ఒక రోమ్నీ గొర్రె పదకొండు ఈతల్లో 33 పిల్లలు వేసింది. దాని సంతతిని ఇన్వర్‌డేల్ అన్నారు. డనీడిన్ దగ్గరి ఇన్వర్‌మేలో జార్జ్ డేవిస్, మరికొందరు ఏళ్ల తరబడి ఆ వంశాన్ని వెంటాడారు. సూజన్ గాలోవే, కెన్ మెక్‌నాటీ తదితరులు 2000లో కారణం పట్టుకున్నారు. గుడ్డు తన చుట్టూ ఉన్న కణాలకు పంపే బీఎంపీ15 అనే సంకేతంలో ఒక్క అమైనో ఆమ్లం మారింది. ఒక ప్రతి మారితే సంకేతం సగం తగ్గి, ఎక్కువ గుడ్లు ఒకేసారి పక్వానికి వస్తాయి. రెండు ప్రతులూ మారితే అండాశయం ఎదగనే ఎదగదు, గొర్రె గొడ్డుపోతుంది. కబురు కొంచెం తగ్గితే కవలలు, మొత్తం ఆగితే సున్నా.

ఆ మరుసటి ఏడే, 2001లో, ఇంకో గొర్రె రహస్యం తేలింది. న్యూసౌత్ వేల్స్‌లోని బూరూలా అనే మెరినో మందలో మూడు నాలుగు పిల్లలు వేసేవి ఉండేవి. అక్కడ మారింది బీఎంపీ గ్రాహకం. మూడు దేశాల బృందాలు దాదాపు ఒకేసారి కనుక్కున్నాయి, అందులో న్యూజిలాండ్ ఒకటి. ఆ మార్పు బూరూలాకు ఎక్కడి నుంచి వచ్చింది? 1792, 1793లలో కలకత్తా నుంచి సిడ్నీకి ఓడల్లో పోయిన బెంగాలు గొర్రెల నుంచి. సుందరబన్లలో మేసే గరోల్ అనే పొట్టి గొర్రెలో అదే మార్పు ఉందని 2002లో డేవిస్ బృందమే చూపించింది. అది చదివిన రోజు నేను కుర్చీలోంచి లేచి ల్యాబంతా తిరిగాను. తెల్లవాళ్ల గొప్ప మెరినోలో ఉన్నది మన తూర్పు తీరపు బురదలో తిరిగే బక్క గొర్రె గుణం.

అది మళ్లీ మన దేశానికి, మన దక్కను గొర్రెలోకి కూడా వచ్చింది. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధనా సంస్థ గరోల్ పొట్టేళ్లతో దక్కనీ గొర్రెలను కలిపి, ఆ ఒక్క గుణాన్ని నిలిపి, సువర్ణ అనే రకాన్ని తయారుచేసింది. దక్కనీ అంటే మా తాత మందే: నల్ల ఉన్ని, గొంగడి నేసేది, ఈతకు ఒక్కటే పిల్ల. ఈ సంగతంతా ఫోనులో మా చిన్నాయనకు చెబితే ఆయన అడిగింది ఒకే మాట: “మంచిదే బిడ్డా, రెండేస్తే రెంటికీ పాలేడివి?” ఫల్టణ్ వాళ్లు ఎదుర్కొన్న ప్రశ్న కూడా అదే. బూరూలా గుణం రెండు ప్రతులుంటే ఒక్కోసారి మూడు, నాలుగు పుడతాయి, మెట్ట పొలాల్లో ఆ తల్లికి మేత ఎక్కడిది? దక్కను నేల మీద రెండు చాలు. బీఎంపీ కబురు ఎంత తగ్గాలో తేల్చాల్సింది జన్యుశాస్త్రం కాదు, గడ్డి.

మళ్లీ పళ్లెం దగ్గరికి వద్దాం. 2008లో యింగ్, స్మిత్ బృందం లెక్కనంతా తిరగేసింది. అప్పటిదాకా మేమంతా కణాన్ని ఆపడానికి ఏం ఇవ్వాలా అని వెతికాం. వాళ్లు అడిగింది, కణం అసలు ఎందుకు కదులుతోందని. మూలకణం తనే ఎఫ్‌జీఎఫ్4 అనే అణువును విడిచి, దాన్ని తనే విని, దారి పట్టడానికి సిద్ధమవుతుంది. ఆ వినికిడిని ఒక రసాయనంతో మూసి, ఇంకో రసాయనంతో వింట్ అనే దారిని తెరిచి ఉంచితే చాలు. లిఫ్, బీఎంపీ, సీరం ఏవీ లేకపోయినా ఎలుక కణాలు నిలిచాయి. రెండు నిరోధకాలు కాబట్టి ల్యాబుల్లో దీన్ని టూఐ అంటారు. అంతకుముందు ఎంత తంటాలు పడ్డా రాని ఎలుక పెద్దన్న, ర్యాట్ అనే ఎలుక మూలకణాలు కూడా ఆ ఏడే వచ్చాయి. గుంపులన్నీ ఒకే అచ్చులో పోసినట్టు గుండ్రంగా, మెరుస్తూ ఉండేవి. మొదటిసారి చూసినప్పుడు, ఇన్నేళ్లు మేం పెంచినవి సగం చెడినవేనా అనిపించింది.

ఇక ఆవు, గొర్రె కూడా చేతికొచ్చినట్టే అని చాలామంది అనుకున్నారు. రాలేదు. ఎందుకో కొంతవరకు ఈ దేశంలోనే తేలింది. హామిల్టన్‌లోని రుఆకురా పరిశోధన కేంద్రం 1998లో ఎండర్బీ ద్వీపపు ఆవు జాతిలో చివరగా మిగిలిన ‘లేడీ’ నుంచి నకలు దూడను పుట్టించిన చోటు. అక్కడ డెబ్రా బర్గ్, పీటర్ ఫెఫర్ తదితరులు 2011లో ఒక సంగతి చూపించారు. ఎలుక బ్లాస్టోసిస్ట్‌లో పైపొర, లోపలి గుంపు త్వరగా, గట్టిగా విడిపోతాయి. ఆవు పిండంలో అదే దశ పైపొర కణాలు ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు, అవి లోపలి గుంపుగా కూడా మారగలవు. ఎలుక నాలుగైదు రోజులకే గర్భసంచిలో దూరాలి, దానికి తొందర. ఆవు పిండం వారాలు తేలుతుంది. 2013లో బ్యోర్న్ ఓబాక్ బృందం అక్కడే టూఐని ఆవు పిండాల మీద పరీక్షించింది. లోపలి గుంపు గుణాలు బలపడ్డాయి, అంతవరకు మంచిదే. కానీ 2012లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన పని చెప్పినట్టు, ఎలుకలో ఎఫ్‌జీఎఫ్ వినికిడిని మూస్తే పక్కదారి పట్టేవి పూర్తిగా ఆగిపోతాయి, ఆవులో పూర్తిగా ఆగవు. టూఐ ఒక్కదానితో ఏళ్ల తరబడి నిలిచే ఆవు కణాలు రాలేదు.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. పాఠ్యపుస్తకాలు ‘క్షీరదాల పిండం’ అని శీర్షిక పెట్టి ఎలుక బొమ్మ వేస్తాయి. ఎలుక పిండం గిన్నెలా వంగి ఉంటుంది. గొర్రెదీ, ఆవుదీ, మనదీ చదును బిళ్ల. మనిషి పిండ మూలకణాలను 1998లో జేమ్స్ థామ్సన్ తీసినప్పుడే లిఫ్ వాటికి పనికిరాదని తేలింది. అయినా పశువుల దగ్గర ముప్పై ఏళ్లు ఎలుక మందునే మోతాదు మార్చి మార్చి పోశారు. రాకపోతే తప్పు చేతిదని, సీరానిదని అనుకున్నారు. గొర్రెలు, ఆవుల మీద పనిచేసి ‘రాలేదు’ అని రాసిన వ్యాసాలను ఎవరూ ఉటంకించరు. కానీ ఎలుక మన అందరి తరఫున మాట్లాడదని నిలబెట్టింది ఆ వ్యాసాలే.

2018లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో పాబ్లో రాస్ బృందం చివరికి నికరంగా నిలిచే ఆవు మూలకణాలను తీసింది. వాటి మీడియాలో ఎఫ్‌జీఎఫ్2 పోశారు, వింట్ దారిని ఒక నిరోధకంతో మూశారు. టూఐలో ఏది మూస్తారో ఇక్కడ అది తెరిచారు, ఏది తెరుస్తారో అది మూశారు. కొద్ది కాలానికే గొర్రెకూ అదే పద్ధతి పనిచేసింది. అయితే పళ్లెం అడుగున ఫీడర్లుగా పరిచినవి మాత్రం ఎలుక పిండం కణాలే. వాటినీ తీసేసి ఆవు కణాలను ఒట్టి ప్రోటీన్ పూత మీద పెంచడం 2021 దాకా కుదరలేదు.